స్లాబు మీది నీళ్లు

ఆమె పని తడపడం.

కొత్తగా పోసిన కాంక్రీటు ఎండకూడదు. ఎండితే గీతలు పడతాయి, గీతలు పగుళ్లవుతాయి. అందుకని పోసిన మర్నాటి నుంచి దానికి నీళ్లు పెడుతూ ఉండాలి. స్తంభాలకు గోతాలు చుట్టి తడపాలి. గోడల మీద పైపుతో చల్లాలి. స్లాబుకైతే మడులు కట్టాలి. సిమెంటు, ఇసుక కలిపిన ముద్దతో నాలుగు వేళ్ల ఎత్తు గట్లు పెట్టి, స్లాబునంతా గళ్లు గళ్లుగా చేసి, ప్రతి గడిలోనూ నీళ్లు నింపాలి. రెండు వారాలు ఆ నీళ్లు తగ్గకుండా చూడాలి.

చూడ్డానికి తేలిక పని. బరువు మోసేవాళ్లు, గోడ కట్టేవాళ్లు అలాగే అనుకునేవాళ్లు. కానీ స్లాబు ఏ మూల ముందు ఎండుతుందో, గాలి ఏ వైపు నుంచి నీటిని తాగేస్తుందో ఆమె అరచేతికి తెలిసేది. ఆ చేతులు ఎప్పుడూ నాని ఉండేవి. వేళ్ల కొసలు ముడతలు పడి తెల్లగా కనిపించేవి. పనిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను తడి వదిన అనేవాళ్లు. అసలు పేరు పిలిస్తే ఆమే వెంటనే పలికేది కాదు.

మొగుడు స్లాబులో వేసే ఇనుప కమ్మీలు వంచేవాడు. అత్త ఇసుక జల్లించేది. ఏ కమ్మీనైనా వంచుతాను గానీ మా అమ్మను వంచలేను అని అతను నలుగురిలో అనేవాడు. పెళ్లయిన కొన్నాళ్లకు ఆ మాట మార్చుకున్నాడు. ఇప్పుడు వంగనివి రెండయ్యాయి అనేవాడు.

వాళ్లు కడుతున్న ఇంట్లోనే ఉండేవాళ్లు. కింది అంతస్తులో ఒక గది. రేపు అది ఎవరి వంటగదో, ఎవరి పడకగదో తెలియదు. గోడలకు పూత ఉండదు, ఇటుకల మధ్య సిమెంటు కారి ఎండిపోయి ఉంటుంది. కిటికీల చోట ఖాళీ సిమెంటు సంచులు కుట్టి వేలాడదీస్తారు. పడుకుంటే పైన స్లాబు అడుగు కనిపిస్తుంది, చెక్కల అచ్చుతో సహా. ఇంటికి తలుపులు వచ్చాయంటే వాళ్లు సామాను సర్దుకోవాలి. వాళ్ల లెక్కలో తలుపు అంటే ఇల్లు అయిపోయిందని.

మొదటిసారి చలిజ్వరం వచ్చినప్పుడు ఆమె కడుపుతో ఉంది, అయిదో నెల. మధ్యాహ్నం స్తంభానికి గోతం చుడుతూ ఉండగా వెన్నులోంచి వణుకు మొదలైంది. ఎండలో నిలబడి పళ్లు టకటకలాడించింది. తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. సాయంత్రానికి చెమటలు పట్టి, దిగిపోయింది. మర్నాడు ఏమీ లేదు, మామూలుగా పనికి వెళ్లింది. ఆ మర్నాడు అదే వేళకు మళ్లీ వణుకు.

అత్త పెద్దగా పట్టించుకోలేదు. కడుపుతో ఉన్నదానికి ఒళ్లు కాగదా అంది. రోజు విడిచి రోజు పడకేస్తున్న కోడల్ని చూసి, మా పిల్ల ఒక రోజు పనికి, ఒక రోజు మంచానికి డ్యూటీ చేస్తోంది అని ఇసుక దగ్గర ఆడవాళ్లతో నవ్వింది. ఆ నవ్వులో పుల్లవిరుపు లేదు. భయాన్ని అలా తీసిపారేయడం ఆవిడకు అలవాటు.

తడి వదిన ఎవరికీ చెప్పకుండా బాగున్న రోజు చూసుకుని ఆరోగ్యకేంద్రానికి వెళ్లింది. నర్సమ్మ వేలికొసన పొడిచి రక్తం చుక్క తీసుకుంది. కాసేపటికి వచ్చి మలేరియా అని చెప్పింది. రక్తం కూడా పలచబడిందంది. కడుపులో బిడ్డకు అందాల్సింది జ్వరం తినేస్తోందని, అశ్రద్ధ చేస్తే బిడ్డ నెల తక్కువతో పుట్టొచ్చని, బరువు తక్కువ ఉండొచ్చని, అసలు నిలవకపోవచ్చని దాచకుండా చెప్పింది.

మందు మింగితే బిడ్డకు ఏమైనా అవుతుందా అని ఆమె అడిగింది.

"నేను ఇచ్చే మందుతో కాదమ్మా. ఊరుకుంటేనే అవుతుంది," అంది నర్సమ్మ.

ఇంకొకటి కూడా చెప్పింది. ఈ రకం మలేరియా పూర్తిగా పోదు. కాలేయంలో నక్కి ఉంటుంది. దాన్ని అక్కణ్నుంచి కూడా తరిమే మందు వేరే ఉంది కానీ కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు. కాబట్టి ఇప్పుడు జ్వరం తగ్గే మాత్రలు, తర్వాత కాన్పు దాకా వారానికోసారి మాత్ర, దోమతెర. కాన్పయ్యాక మళ్లీ చలి వస్తే ఆ రోజే రావాలి. ఇంటి చుట్టూ నీళ్లు నిలవకూడదు.

గోడ దగ్గర బల్ల మీద ఒక గాజు గ్లాసు ఉంది. అందులో దోమ పురుగులు. నీటి పైపొర కింద అడ్డంగా పడుకుని ఉన్నాయి. గ్లాసు కదిపితే దిగజారి, మళ్లీ వచ్చి అలాగే పడుకుంటున్నాయి. ఇవి మురికినీళ్లలో కాదు, తేట నీళ్లలో పెరిగేవి అని నర్సమ్మ చెప్పింది. తడి వదిన గ్లాసును చాలాసేపు చూసింది.

ఇంటికి వచ్చి మాత్రలు గూట్లో పెట్టింది. మర్నాటికి అవి అక్కడ లేవు. ఎక్కడున్నాయో అడగక్కర్లేకపోయింది. అత్త కొంగు ముడి ఉబ్బెత్తుగా ఉంది.

అత్త కథ ఆమెకు తెలుసు. మొగుడికి ఒక అక్క ఉండేది. తాను చూడని ఆడబిడ్డ. ఇంతకు ముందెప్పుడో ఇంకో ఊళ్లో, ఇలాగే కడుతున్న ఇంట్లో పురుడు పోసుకుంది. కొన్నాళ్లకు చలి, జ్వరం వచ్చాయి. బాలింత జ్వరం అన్నారు. పాలు పట్టనివ్వలేదు, గదిలోంచి రానివ్వలేదు. చివరికి ఎవరినో పిలిపించి సూది వేయించారు. ఆ సాయంత్రమే పోయింది. బిడ్డను తండ్రి తరఫు వాళ్లు తీసుకుపోయారు. అత్త లెక్కలో కూతుర్ని చంపింది సూది. మందు అన్న మాట వింటేనే ఆవిడ మొహం మూసుకుపోయేది.

తడి వదిన గొడవ పెట్టుకోలేదు. ఎదురుగా కూర్చుని చేయి చాపింది.

"ఇవ్వు అత్తా. నీ ముందే మింగుతాను. పోతే నీ కళ్ల ముందే పోతాను, దాచి ఏం లాభం."

అత్త కొంగు దగ్గరకు లాక్కుంది. తర్వాత ముడి విప్పింది. కోడలు మాత్ర మింగి, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించింది. నాలుక కింద కూడా చూసుకో అంది. ఆ తర్వాత వారం వారం అదే తంతు. మాత్ర ఇచ్చేది అత్తే. మింగేటప్పుడు తల పక్కకు తిప్పుకునేది.

చలి మళ్లీ రాలేదు. తడి వదిన నర్సమ్మ చెప్పినవన్నీ చేసింది. డ్రమ్ములకు మూతలు పెట్టింది. ఇటుకలు నానబెట్టే తొట్టిని పొద్దుపోయే వేళకు ఒంపేయించింది. వాడని బకెట్లు బోర్లించింది. సిమెంటు కలిపే రేకుల్లో వాన నీళ్లుంటే తానే తిరగేసింది. వదినకు నీళ్ల పిచ్చి పట్టిందని కుర్రకారు నవ్వుకునేవాళ్లు. సగం తాగిన చెంబు పక్కన పెట్టినా ఊరుకునేది కాదు. పని మాత్రం మానలేదు. నెలలు నిండే దాకా పైపు పట్టుకునే ఉంది.

కాన్పు ఆసుపత్రిలో అయింది. ఆడపిల్ల. బరువు తక్కువే, కానీ ఏడుపు గట్టిది. వార్డంతా తిరిగి చూసేటంత గట్టిది. మొగుడు బిడ్డను చూసి, మూడోది కూడా వంగేలా లేదు అన్నాడు.

తిరిగి వచ్చేసరికి ఇల్లు ఇంకాస్త పెరిగి ఉంది. వాళ్ల గదిని కొత్తవైపుకి మార్చారు. ఆ గది నెత్తిన స్లాబు అప్పుడే పోశారు. తల్లీబిడ్డలకు అత్త దోమతెర కట్టింది. కోడలి పనిని తాను మీద వేసుకుంది. రోజంతా ఇసుక జల్లించి, పొద్దునా సాయంత్రం పైకెక్కి మడుల్లో నీళ్లు నింపి వచ్చేది. నువ్వు లేచేసరికి నీ స్లాబులో చుక్క తగ్గితే నన్నడుగు అనేది. ఆ ఇంట్లో దాన్ని మించిన ముద్దు మాట ఎవరూ అనలేదు.

బిడ్డ మెల్లగా పుంజుకుంటోంది. బుగ్గల్లోకి కాస్త కండ వచ్చింది. అప్పుడు ఒక మధ్యాహ్నం, పాలు ఇస్తూ ఉండగా, తడి వదినకు వెన్నులోంచి వణుకు వచ్చింది.

ఆమెకు చెప్పే పనిలేదు, ఒంటికి గుర్తుంది. అత్తకు కూడా గుర్తొచ్చింది, కానీ వేరేది గుర్తొచ్చింది. బాలింత జ్వరం అంది. బిడ్డను ఒళ్లోంచి తీసేసుకుంది. జ్వరం పాలల్లోంచి బిడ్డకు ఎక్కుతుందని, తల్లి పక్కన పెట్టకూడదని పక్క గదిలోకి తీసుకుపోయింది. కిటికీలకు రెండో వరస సంచులు కట్టించింది. సీసా, పాల డబ్బా కొనుక్కురమ్మని కొడుకును పంపింది. అతను వెళ్లాడు. తల్లికి ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. తిరిగి వస్తూ గుమ్మం దగ్గర ఆగి పెళ్లాం వైపు చూశాడు, చూపు దించుకున్నాడు.

వణుకు తగ్గి మంట మొదలైంది. తడి వదిన గోడకు ఆనుకుని కూర్చుని పక్క గదిలో ఏడుపు వింది. బిడ్డ సీసా పట్టడం లేదు. ఏడుపు మొదట కోపంగా ఉంది. తర్వాత కోపం తగ్గింది. ఏడుపులో బలం తగ్గడం ఆమె విన్నది. రొమ్ములు గట్టిపడి చీర తడిసిపోయింది.

లేచింది. కళ్లు బైర్లు కమ్మితే గోడ పట్టుకుంది. పక్క గదిలోకి వెళ్లి అత్త చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. నిలబడ్డ చోటే రొమ్ము నోటికి అందించింది. బిడ్డ పట్టుకుంది. అలాగే పాలిస్తూ బయటికి నడిచింది.

అత్త గుమ్మంలో అడ్డంగా నిలబడింది. గుమ్మమంటే గోడలో వదిలిన ఖాళీ, అంతే.

"ఒళ్లు కాలిపోతూ పసిదాన్ని వేసుకుని ఎక్కడికే? నా కూతురు ఇలాగే పోయింది నాకు."

"నీ కూతుర్ని గదిలో పెట్టారు అత్తా. అందుకే నేను గదిలో ఉండను."

"ఈ గుమ్మం దాటావంటే చూడు."

"ఇంకా తలుపులు పెట్టని ఇల్లు ఇది. ఇటు నువ్వు నిలబడితే అటు ఇంకో గుమ్మం ఉంది. అది కాకపోతే కిటికీ ఉంది. ఎన్నింటికి అడ్డం నిలబడతావు?"

అత్త కదల్లేదు. తడి వదిన వెనక్కి తిరిగి, రెండో వైపు నుంచి వెళ్లిపోయింది. గొడవ వినపడి ఇసుక దగ్గర ఆడవాళ్లు జల్లెడలు ఆపి చూశారు. ఆమె ఎవరి వంకా చూడలేదు. కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. అత్త వస్తోంది. పక్కన నడవలేదు, పిలవలేదు. చంకలో బిడ్డ పొడిబట్టలు మాత్రం ఉన్నాయి.

నర్సమ్మ ఇద్దరి రక్తమూ చూసింది. తల్లికి మళ్లీ మలేరియా. బిడ్డ మడమ నుంచి తీసిన చుక్కలో ఏమీ లేదు. పాలల్లోంచి మలేరియా ఎక్కదని, ఇలాంటి బిడ్డకు పాలు మాన్పించడమే అసలు ప్రమాదమని చెప్పింది. ఇప్పటికి ఈ మాత్రలు, తర్వాత తల్లికీ బిడ్డకీ ఇంకో పరీక్ష చేసి, కాలేయంలోంచి తరిమే మందు మొదలుపెడతాం అంది. ఇది పాతదే నిద్రలేచిందో, కొత్త దోమ కుట్టి వచ్చిందో చెప్పలేనంది.

అప్పుడు అత్త గోడ వైపు చూస్తూ అడిగింది.

"పురుడయ్యాక పోయినవాళ్లు ఉంటారు. రోజు విడిచి రోజు చలి వచ్చి. అది ఇదేనా?"

"ఇది కావచ్చు. పురుటి జ్వరం వేరే ఉంది, అదీ చంపుతుంది. రక్తం చూస్తే తెలిసేది. చూడకుండా జ్వరానికి పేరు పెట్టకూడదమ్మా."

అత్త తల ఊపింది. బిడ్డ పొడిబట్టలు మళ్లీ మడత పెట్టింది.

ఇంటి దగ్గర నీళ్లు ఎక్కడైనా నిలుస్తున్నాయా అని నర్సమ్మ ఇద్దర్నీ కలిపి అడిగింది. అత్తకు రోషం వచ్చింది. ఈ పిల్ల చెంబులో నీళ్లు కూడా నిలవనివ్వదు, కావాలంటే వచ్చి చూసుకోండి అంది. తడి వదిన కూడా లేవనే చెప్పింది. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. డ్రమ్ములు, తొట్లు, బకెట్లు, రేకులు అన్నీ మనసులో తిరిగి చూసుకునే చెప్పారు.

దారిలో బిడ్డ నిద్రపోయింది. ఇల్లు కనిపించే మలుపులో తడి వదిన ఆగింది. ఎండ వాలుతోంది. దూరం నుంచి ఇల్లంతా ఒకేసారి కనిపించింది. కింద వాళ్ల గది కిటికీ, దానికి వేలాడుతున్న సంచి, దాని పైన స్లాబు. స్లాబు అంచున ఏదో తళుక్కుమంది.

ఆమె బిడ్డను అత్త చేతికిచ్చింది. మెట్లకు ఇంకా పిట్టగోడ లేదు. గోడవైపు ఒరుసుకుంటూ ఎక్కింది. పురుడయ్యాక పైకి రావడం అదే మొదలు.

స్లాబు మీద మడులన్నీ నిండుగా ఉన్నాయి. అత్త మాట నిలబెట్టుకుంది. నాచు లేదు, చెత్త లేదు. ప్రతి గడిలోనూ కొంచెం ఆకాశం ఉంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ముఖం దగ్గరగా పెట్టింది. నీటి పైపొర కింద, అడ్డంగా, సన్నని గీతల్లాగా పడుకుని ఉన్నాయి. వేలు ముంచితే దిగజారి మళ్లీ పైకి వచ్చాయి. రెండో గడిలోనూ ఉన్నాయి. మూడో గడిలోనూ. కింద తన పరుపుకు సరిగ్గా పైన ఉన్న గడిలో అన్నిటికంటే ఎక్కువ.

ఇన్నేళ్లలో ఈ నీళ్లను ఆమె నీళ్లు అనుకోలేదు. ఎవరూ అనుకోలేదు. తొట్టిలోవి నీళ్లు. చెంబులోవి నీళ్లు. ఇది పని. తానే నింపిన పని. కాన్పుకు ముందు తన చేత్తో, తర్వాత అత్త చేత్తో.

మూలన తాపీ పడి ఉంది. దాని మొనతో గట్టును పొడిచింది. సిమెంటు ముద్ద ఎండి గట్టిపడింది, మొదటి దెబ్బకు పెచ్చు మాత్రమే రాలింది. ఇంకా పొడిచింది. గండి పడి నీళ్లు పక్క గడిలోకి, అక్కణ్నుంచి అంచుకు, అంచు మీంచి కిందికి పోయాయి. కింద ఎవరో అరిచారు. మేస్త్రీ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. పెద్ద మనిషి, మాట మంచిది. ఆమెను చెల్లెమ్మా అనేవాడు. దోమతెర కట్టడానికి మేకులు కొట్టిచ్చింది అతనే.

"చెల్లెమ్మా, మతి పోయిందా? పోసి ఇంకా రెండు వారాలు కాలేదు. పసిబిడ్డ లాంటిది స్లాబు, ఎండబెట్టకూడదని నీకు నేను చెప్పాలా?"

ఆమె పొడవడం ఆపలేదు.

"కింద ఉన్నది ఏంటి మరి అన్నా? అది కూడా పసిబిడ్డే కదా."

మేస్త్రీ గడిలోకి చూశాడు. ఏమీ కనిపించలేదన్నాడు. వంగి చూడమంది. వంగి చూశాడు. నడుం పట్టుకుని లేచి, ఏ స్లాబు మీదైనా ఉండేవే ఇవి, ఇన్నేళ్లుగా చేస్తున్నది ఇలాగే, ఎవరూ చావలేదు అన్నాడు.

మెట్ల దగ్గర అత్త నిలబడి ఉంది. బిడ్డ భుజం మీద ఉంది. ఎప్పుడు ఎక్కి వచ్చిందో.

"చచ్చారు," అంది అత్త.

గట్టిగా అనలేదు. మేస్త్రీకి ఆ కథ తెలుసు, అత్త కూతురు పోయిన ఆ ఇంటి పనికీ మేస్త్రీ అతనే. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి, పగుళ్లు వస్తే నన్ను అడుగుతారు కదమ్మా అన్నాడు. గోతాలు పరిచి తడుపుతాను, స్తంభాలకు చేసినట్టే అంది తడి వదిన. గోతాలు గంటకోసారి తడపాలి, మడులైతే పొద్దునా సాయంత్రం చాలు, రోజంతా ఇక్కడే పడి ఉంటావా, అదీ జ్వరంతో అని అడిగాడు. ఉంటానంది. నిలబడలేక, పైకి పొడుచుకొచ్చిన స్తంభం కమ్మీ పట్టుకునే ఆ మాట అంది.

అత్త బిడ్డను ఆమె చేతికిచ్చింది. మూలనున్న చీపురు తీసుకుంది. కొంగు బిగించి, మిగిలిన గళ్లలోని నీళ్లను గండి వైపు ఊడవడం మొదలుపెట్టింది. తాను మోసి నింపిన నీళ్లు. గట్టు మిగిలిన చోట కాలితో తన్నింది. మేస్త్రీని చూడకుండానే, గోతాలు తెప్పించు, నా కోడలికి జ్వరం తగ్గే దాకా నేను తడుపుతాను, నీ ఇసుక ఎవరితో జల్లించుకుంటావో చూసుకో అంది.

ఇంజనీరు వచ్చి చూశాడు. గోతాలు ఎండకుండా ఉంటే చాలు, రెండూ ఒకటే అన్నాడు. ఈ ముక్క ముందే చెబితే పోయేది కదా అని ఇంజనీరు వెళ్లాక మేస్త్రీ అన్నాడు. అడిగారా అని మొగుడు అన్నాడు. అడగలేదని మేస్త్రీ ఒప్పుకున్నాడు.

కాలేయంలోంచి తరిమే మందు చివరి మాత్ర మింగిన రోజు తడి వదిన అలవాటుగా నోరు తెరిచి చూపించింది. అత్త ఈసారి తల తిప్పుకోలేదు. నాలుక ఎత్తు అంది. ఇద్దరూ నవ్వారు. చలి మళ్లీ రాలేదు.

ఆ స్లాబుకు ఒక మూలన వెంట్రుకంత గీత పడింది. మడుల వల్లో, గోతాల వల్లో, నీళ్లు తీసేసిన ఆ ఒక్క సాయంత్రం వల్లో ఎవరూ చెప్పలేరు. మేస్త్రీ మాత్రం ఆ గీతను అందరికీ చూపించేవాడు, చూడండి మా చెల్లెమ్మ సంతకం అని. తడి వదిన కాదనేది కాదు. అవును నాదే అనేది. పూత వేసేవాడు వచ్చి దాన్ని కప్పేశాడు. తలుపులు వచ్చాయి. వాళ్లు సామాను సర్దుకున్నారు.

తర్వాతి ఇంటికి మొదటి స్లాబు పోసిన మర్నాడు మేస్త్రీ అలవాటు చొప్పున సిమెంటు ముద్ద కలిపించి, గట్లు పెట్టడానికి దారం పట్టుకుని పైకి వచ్చాడు. స్లాబు నడిమధ్య తడి వదిన కూర్చుని ఉంది. చుట్టూ తడి గోతాలు. ఒళ్లో బిడ్డ పాలు తాగుతోంది, ఇప్పుడు కాళ్లు తన్నేటంత పెద్దది.

"లేవమ్మా, మడి కట్టాలి."

"కట్టు అన్నా," అంది ఆమె, లేవకుండా. "మమ్మల్ని లోపల వేసి కట్టు."

మేస్త్రీ దారం వదులు చేశాడు. తర్వాత దాన్ని వేలికి చుట్టుకుంటూ కిందికి దిగిపోయాడు.